అత్తయ్యగారితో వేటపాలెం

తిరుపతి వెళ్ళొచ్చామనీ, షిర్డీ వెళ్ళొచ్చామనీ రాసేవాళ్ళు చాలామందే ఉన్నారు. నేను రాయబోయేది వేటపాలెం గురించి. "వేటపాలెమా? జీడిపప్పు కొనుక్కురావడానికా?" అని మా పక్కింటి వదినగారు నవ్వారు. జీడిపప్పు తెచ్చుకున్న మాట నిజమే. కానీ మేం బయల్దేరింది మాత్రం ఒక లైబ్రరీ చూడడానికి. అదీ నా కోసం కాదు. డెబ్బై మూడేళ్ళ మా అత్తయ్యగారి కోసం.

ముందు సంగతి కాస్త చెబితేగానీ ఈ ప్రయాణం ఎందుకో మీకు అర్థం కాదు. మాది విజయవాడ. 2022లో మా మామయ్యగారు కాలం చేశారు. నెలమాసికాలు, సంవత్సరీకం అన్నీ సక్రమంగా జరిగిపోయాయి. చుట్టాలు వచ్చారు, వెళ్ళారు. మేమూ ఎవరి పనుల్లో వాళ్ళం పడ్డాం. అత్తయ్యగారు మాత్రం ఆ పదకొండో రోజు దగ్గరే ఆగిపోయారు. కంచం ముందు కూర్చుంటే రెండు ముద్దలు. పిలిస్తే పలకడం, లేకపోతే గోడవైపు తిరిగి పడుకోవడం. మధ్యాహ్నం పూట గదిలో దీపం కూడా వేసుకునేవారు కాదు. కాలక్షేపం అవుతుందని మావారు ఒక ఫోన్ కొనిచ్చారు. అదే మా కొంప ముంచింది. ఎవరెవరో పంపిన వార్తలు, ఎక్కడో ప్రమాదాలు, ఎవరికో గుండెనొప్పులు, ఫలానా కాయ తింటే ప్రాణం మీదికొస్తుందన్న సందేశాలు, అన్నీ రాత్రి పన్నెండింటిదాకా చూసేవారు. తెల్లవార్లూ నిద్ర ఉండేది కాదు. "ఎందుకే అమ్మాయ్ ఇంకా నేను" అని ఒకరోజు మెల్లిగా అన్నారు. ఆ మాట వినగానే నాకు కాళ్ళు వణికాయి.

ఇలాంటి మాట ఇంట్లో పెద్దవాళ్ళు అన్నప్పుడు "ఊరుకోండి, అలా అనకూడదు" అని కొట్టిపారేస్తాం. నేనూ అలాగే అన్నాను. కానీ మా పెద్దమ్మాయి హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, "అమ్మా, అది ఊరికే అనే మాట కాదు, డాక్టరుకి చూపించండి" అని పట్టుబట్టింది. మానసిక వైద్యుడి దగ్గరికంటే మావారు మొదట సందేహించారు. నలుగురూ ఏమనుకుంటారో అని. నాలుగు రోజులు ఆలోచించి, చివరికి ఆయనే తీసుకెళ్ళారు.

ఆ డాక్టరుగారు చాలాసేపు మాట్లాడారు. మందులు రాశారు. తర్వాత మమ్మల్ని చూసి, "ఆవిడకి ఏమంటే ఇష్టం?" అని అడిగారు. మావారు "పూజలండీ" అన్నారు. నేను "వంటండీ" అన్నాను. ఇద్దరం ఒకేసారి అన్నాం. డాక్టరుగారు నవ్వి, అత్తయ్యగారి వైపు తిరిగి, "చిన్నప్పుడు ఏం చేసేవారమ్మా?" అన్నారు. ఆవిడ కాసేపు నేలకేసి చూసి, "చదివేదాన్ని" అన్నారు.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చింది 1999లో. పాతికేళ్ళు ఒకే వంటింట్లో ఇద్దరం తిరిగాం. ఆవిడకి ఏ కూరలో ఎంత కారం కావాలో నాకు తెలుసు, ఏ చీర ఏ పెళ్ళిలో పెట్టారో తెలుసు. ఆవిడ చదువుతారని మాత్రం తెలియదు. తెలియకపోవడానికి ఒక కారణం కూడా ఉంది. అది చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది.

నేను ఇంటర్మీడియట్ పాసవగానే చదువు ఆగిపోయింది గానీ నవలల పిచ్చి ఆగలేదు. కాపురానికి వచ్చేటప్పుడు పెట్టెలో చీరల కింద మూడు నవలలు పెట్టుకుని తెచ్చుకున్నాను. ఒకరోజు పొయ్యి మీద పాలు పెట్టి, గట్టుకు ఆనుకుని చదువుతున్నాను. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. అత్తయ్యగారు వచ్చి గ్యాసు కట్టేసి, "పుస్తకం పట్టుకున్న ఆడదానికి సంసారం పట్టదు" అన్నారు. తిట్టలేదు, అరవలేదు. అంత మాటే. ఆ మూడు నవలలూ అటక ఎక్కాయి. ఇల్లు మారినప్పుడు పాత పేపర్లతోపాటు తూకానికి వేసేశాం. ఆ తర్వాత నేను చదివినవి ఈ వారపత్రికల్లో వంటల పేజీలు, పిల్లల ప్రోగ్రెస్ కార్డులూ.

డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన రాత్రి, మజ్జిగన్నం తింటూ అత్తయ్యగారు తనంతట తనే మొదలుపెట్టారు. వాళ్ళ పుట్టిల్లు వేటపాలెం పక్క పల్లె. వాళ్ళ పెద్దన్నయ్య సైకిలు మీద వేటపాలెం వెళ్ళి సారస్వత నికేతనంలో పుస్తకాలు తెచ్చేవారట. ఈవిడ వాటిని వడ్లగాదె వెనకాల కూర్చుని చదివేవారట. ఆ రోజుల్లో ఒక వారపత్రికలో సీరియల్ వస్తుండేది. ప్రతి వారం ఆ ఊళ్ళో నాలుగిళ్ళ ఆడపిల్లలు ఆ ఒక్క పత్రికనే మార్చి మార్చి చదువుకునేవారట. సీరియల్ ఇంకో ఐదారు వారాల్లో అయిపోతుందనగా, 1969లో, ఈవిడకి పెళ్ళయి విజయవాడ వచ్చేశారు. అత్తవారింట్లో పంచాంగం తప్ప ఇంకో పుస్తకం లేదు.

"మరి ఎవరినైనా అడగలేకపోయారా?" అన్నాను.

"కొత్తకోడలు ఏం అడుగుతుందే? ఒకసారి అడిగాను. పుస్తకం పట్టుకున్న ఆడదానికి సంసారం పట్టదన్నారు మా అత్తగారు."

అని, నా వంక చూశారు. నేనూ చూశాను. ఇద్దరం ఇంకేమీ మాట్లాడుకోలేదు. కంచాలు తీసేశాను. ఆ రాత్రే మావారితో చెప్పాను, "ఏమండీ, ఒక్కరోజు వేటపాలెం వెళ్ళొద్దాం" అని.

2024 డిసెంబరులో ఒక ఉదయం బయల్దేరాం. కారు మాట్లాడతానన్నారు మావారు. రైలే బాగుంటుందన్నారు అత్తయ్యగారు. పెళ్ళయి వచ్చింది రైల్లోనే కదా. ఒంగోలు వైపు వెళ్ళే పాసింజరు ఎక్కాం. పులిహోర, పెరుగన్నం, మంచినీళ్ళు, ఆవిడ మాత్రలు, దుప్పటి, అన్నీ సర్దుకున్నాను. విజయవాడ దాటగానే కృష్ణ వంతెన. అందరూ చిల్లర నీళ్ళలో వేసి దణ్ణాలు పెట్టుకుంటుంటే ఆవిడా పెట్టుకున్నారు. దుగ్గిరాల, తెనాలి, నిడుబ్రోలు, బాపట్ల. కిటికీ పక్కన ఎటు చూసినా కోతలైన పొలాలు, కుప్పలు, మినుము చల్లిన మళ్ళు, మధ్యలో కాలువలు.

ఆ కాలువలు చూపిస్తూ మావారు ఒక సంగతి చెప్పారు. ఈ డెల్టా కాలువల్లోనే 1935లో పాతూరి నాగభూషణం గారు పడవ మీద లైబ్రరీ నడిపించారట. పడవ నిండా పుస్తకాలు పెట్టుకుని ఊరూరా ఆగుతూ జనానికి చదువుకోవడానికి ఇచ్చేవారట. అంతకుముందు, 1914లోనే, మన బెజవాడలో లైబ్రరీలవాళ్ళ మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య గారు దానికి ఎంతో పాటుపడ్డారు. బియ్యం, పప్పులాగా పుస్తకం కూడా ప్రతి ఊళ్ళో దొరకాలని ఆ పెద్దలు అంత తాపత్రయపడ్డారు. ఆ పుస్తకం వంటింటి గడప దాటి లోపలికి రావడానికి మాత్రం మా ఇంట్లో ఇన్నాళ్ళు పట్టింది. ఈ మాట నేను పైకి అనలేదు, మనసులోనే అనుకున్నాను.

చీరాలలో దిగాం. చీరాల అంటే మనకి చేనేత చీరలు గుర్తొస్తాయి. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 1921లో మునిసిపాలిటీ పన్నులు కట్టలేమని చీరాల, పేరాల జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద ఇళ్ళు వాకిళ్ళు వదిలేసి, ఊరి బయట రామనగర్ అని పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. పసిపిల్లలతో, ముసలివాళ్ళతో ఆ పాకల్లో వండి పెట్టిన ఆడవాళ్ళ తెగువ తలుచుకుంటే దణ్ణం పెట్టాలనిపిస్తుంది. అక్కణ్ణుంచి వేటపాలెం పది కిలోమీటర్లు కూడా లేదు. ఆటో మాట్లాడుకున్నాం. పాసింజరు రైళ్ళు వేటపాలెంలోనూ ఆగుతాయి గానీ, వచ్చిన పని మీద వచ్చాం, చీరాలలో రెండు చీరలు చూసుకుని వెళదామని ముందే అనుకున్నాం. చీరలు చూశాం. అత్తయ్యగారు ఒక్క చీర కూడా చేత్తో తాకలేదు. "పదండి, పొద్దుపోతుంది" అన్నారు. చీరల కొట్టులో ఆవిడ తొందరపడడం నేను ఎన్నడూ చూడలేదు.

ఆటోలో వెళుతుంటే మగ్గాల చప్పుడు వినిపించింది. ఒకప్పుడు ఏ సందులోకి వెళ్ళినా ఈ చప్పుడేనట. దారి పొడుగునా అత్తయ్యగారు ఊళ్ళ పేర్లు చెబుతూనే ఉన్నారు. ఇక్కడ మా మేనత్తవాళ్ళు ఉండేవారు, ఇక్కడ జీడితోట ఉండేది అని. వాటిల్లో ఏదీ ఇప్పుడు లేదు. అయినా ఆవిడకి కనిపిస్తున్నట్టే ఉంది.

సారస్వత నికేతనం బయటినుంచి చూస్తే పాతకాలపు పెద్దింటిలా ఉంటుంది. 1918లో వి.వి. శ్రేష్ఠి గారు, ఊళ్ళో మరికొందరు యువకులు కలిసి చిన్నగా మొదలుపెట్టారు. 1929లో గాంధీగారు ఈ ఊరు వచ్చి ఈ భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన వాడిన చేతికర్ర ఇప్పటికీ ఇక్కడ భద్రంగా ఉంది. ఇక్కడి పాత పత్రికల కోసం దేశం నలుమూలల నుంచీ, విదేశాల నుంచీ కూడా పరిశోధన చేసేవాళ్ళు వస్తుంటారు. ఎక్కడా దొరకని సంచికలు ఈ చిన్న ఊళ్ళో దొరుకుతాయి. చేనేత, జీడిపప్పు మీద బతికే ఊరు ఒక లైబ్రరీని వందేళ్ళు దాటి నిలబెట్టుకుందంటే మాటలా!

లోపలికి వెళ్ళగానే పాత కాగితం వాసన. మా అమ్మమ్మగారింట్లో భోషాణం తెరిచినప్పుడు వచ్చే వాసనలాంటిది. అత్తయ్యగారు గడప దగ్గర ఆగిపోయారు. "నేను లోపలికి రావడం ఇదే మొదటిసారి" అన్నారు. మాకు ఆశ్చర్యమేసింది. చిన్నప్పుడు పుస్తకాలన్నీ వాళ్ళన్నయ్య తేవడమే గానీ, ఆడపిల్ల అంతదూరం వచ్చి లైబ్రరీలో కూర్చోవడమనే మాటే లేదట. గాంధీగారి కర్ర చూసి దణ్ణం పెట్టుకున్నారు. బీరువాల మధ్య గోడ పట్టుకుని మెల్లిగా నడిచారు. అద్దాల వెనక పుస్తకాల వీపులు చదవడానికి ప్రయత్నించారు. కంట్లో శుక్లం ఉంది కదా, అక్షరాలు సరిగ్గా ఆనలేదు. నేనే ఒక్కో పేరూ చదివి చెప్పాను.

అక్కడున్నవారు ఎంతో మర్యాదగా మాట్లాడారు. ముందు నా కోసం పాత "గృహలక్ష్మి" ఒకటి అడిగాను. 1928లో మద్రాసు నుంచి డాక్టర్ కేసరి గారు ఆడవాళ్ళ కోసం పెట్టిన పత్రిక అది. ఆయన లోధ్ర మందు పేరు మా అమ్మమ్మ నోట ఎన్నిసార్లు విన్నానో! పేజీలు తిప్పుతుంటే నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. మన పత్రికల్లాగే అందులోనూ ఇల్లూ వాకిలీ సంగతులు, ఆరోగ్యం సంగతులు, కథలు. దాదాపు వందేళ్ళ కిందట కూడా ఎవరో ఒక ఇల్లాలు మధ్యాహ్నం గిన్నెలు కడిగి, కొంగుతో చేతులు తుడుచుకుని ఈ పేజీ తిప్పి ఉంటుంది. అంతకుముందు కూడా వీరేశలింగం గారి "సతీహితబోధిని" 1883లో, "హిందూసుందరి" 1902లో వచ్చాయి. చదివే ఆడది మన దేశంలో కొత్తగా పుట్టలేదు. చదువుతున్నట్టు దాచుకుంటూ వచ్చిందంతే.

తర్వాత అత్తయ్యగారి వారపత్రిక సంగతి చెప్పాను. సంవత్సరం, నెల ఉజ్జాయింపుగా చెప్పాం. లోపలికి వెళ్ళి, చాలాసేపటికి ఒక బైండు తెచ్చి బల్ల మీద పెట్టారు. కాగితం అప్పడంలా ఉంది, గట్టిగా పట్టుకుంటే విరిగిపోయేలా. ఒక్కో సంచికా మెల్లిగా తిప్పుతూ వెతికాం. నలభై నిమిషాలకి దొరికింది. సీరియల్ పేరు చదవగానే ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. నేను గొంతు తగ్గించి చదవడం మొదలుపెట్టాను. మావారు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని పేపరు చూస్తున్నట్టు నటిస్తూ వింటున్నారు.

ఐదు వారాల భాగాలు చదివేసరికి గంట పైన పట్టింది. చివర్లో కథానాయిక కోపం మర్చిపోయి, కొట్టిన మొగుడి ఇంటికే తిరిగి వెళ్ళిపోయి, దీపం వెలిగిస్తుంది. సమాప్తం.

అత్తయ్యగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇదేం ముగింపే! నేను దాన్ని గుంటూరులో టీచరుద్యోగంలో చేర్పించాను కదా!" అన్నారు.

"మీరా? ఎప్పుడండీ?"

"ఎప్పుడో. అంట్లు తోముకుంటూ. ఇన్నేళ్ళూ అది అక్కడే ఉందనుకున్నాను."

లైబ్రరీ అని కూడా మర్చిపోయి నేను పైకి నవ్వేశాను. ఆవిడా నవ్వారు. మావారు పేపరు కిందికి దించి చూశారు. వాళ్ళమ్మ గొంతు ఆ మాత్రం పైకి లేచి రెండేళ్ళయింది.

మధ్యాహ్నం ఒక చెట్టు కింద కూర్చుని పులిహోర తిన్నాం. ఆవిడ అడిగి రెండోసారి పెట్టించుకున్నారు. తిరిగొచ్చేటప్పుడు జీడిపప్పు కొన్నాం. ఈ ఊళ్ళో జీడిపిక్కలు కాల్చి, కొట్టి, పప్పు తీసి, పొట్టు ఒలిచే పని ఎక్కువగా ఆడవాళ్ళే చేస్తారు. జీడి రసం చేతికి అంటితే చర్మం కాలి నల్లబడుతుంది. ఆ చేతుల్ని చూశాక పాయసంలో జీడిపప్పు వేసేటప్పుడు చెయ్యి ఒకసారి ఆగుతుంది. మీరు వెళితే గుండ్లే కొనాలని లేదు. పాయసానికి, హల్వాకి బద్దలు చాలు, ధర తగ్గుతుంది. ముక్కలు తెచ్చుకుంటే కుర్మాలోకి నూరుకోవడానికి పనికొస్తాయి. గాలి తగలని డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే పాడవవు.

ఇంటికొచ్చాక డాక్టరుగారికి ఈ ప్రయాణం సంగతి చెప్పాను. ఆయన సంతోషించి కొన్ని విషయాలు చెప్పారు. మీకూ ఉపయోగపడతాయని రాస్తున్నాను.

దిగులు జబ్బులో మనసు ఒకే బాధ చుట్టూ గానుగెద్దులా తిరుగుతుందట. కథలోకి వెళ్ళినప్పుడు ఆ కాసేపైనా దారి మారుతుంది. ఇంకొకరి కష్టం, ఇంకొకరి ఆలోచన మన మనసులోకి వస్తాయి. నాకే ఇలా జరిగిందన్న ఒంటరితనం కొంచెం తగ్గుతుంది. ఇంగ్లండులో 2013 నుంచి ఇలాంటి ఇబ్బందులున్నవాళ్ళకి డాక్టర్లు మందుల చీటీలాగే పుస్తకాల పేర్లు రాసిస్తే, వాళ్ళు లైబ్రరీల్లో తెచ్చుకుని చదువుకునే ఏర్పాటు నడుస్తోందట.

ఫోన్లో చదవడమూ చదవడమే కదా అన్నాను. ఏం చదువుతున్నాం, ఎలా చదువుతున్నాం అన్నదే ముఖ్యమన్నారు. ఫోన్లో ఒక ముక్క చావు వార్త, వెంటనే ఒక హాస్యం, వెంటనే ఒక భయపెట్టే సందేశం. మనసు దేనిమీదా నిలవదు, అలసట మాత్రం మిగులుతుంది. పైగా రాత్రిపూట ఆ వెలుతురు నిద్రని వెనక్కి నెడుతుంది. పడుకోవడానికి గంట ముందే ఫోన్ పక్క గదిలో పెట్టెయ్యమన్నారు.

అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంవాళ్ళు యాభై ఏళ్ళు దాటిన 3,635 మందిని పన్నెండేళ్ళు గమనించి, 2016లో ఒక పరిశోధన ప్రకటించారట. పుస్తకాలు చదివేవాళ్ళు చదవనివాళ్ళ కంటే సుమారు రెండేళ్ళు ఎక్కువ బతికినట్టు అందులో తేలింది. అలాగని పుస్తకమే ఆయుష్షు పోసిందని గట్టిగా చెప్పలేం, చదివేవాళ్ళకి ఇంకా వేరే అనుకూలాలు కూడా ఉండొచ్చు అని ఆయనే హెచ్చరించారు. ఆ మాట నాకు నచ్చింది.

ఇంకో ముఖ్యమైన మాట. దిగులు ముదిరినప్పుడు అసలు చదవడమే చేతకాదట. ఒకే వాక్యం నాలుగుసార్లు చదివినా ఎక్కదు. అప్పుడు "పుస్తకం చదువుకోవచ్చుగా" అని సతాయిస్తే వాళ్ళు ఇంకా కుంగిపోతారు. అలాంటప్పుడు మనం చదివి వినిపించాలి, ఒక పేజీ అయినా చాలు. పుస్తకం మందుకి తోడే గానీ మందుకి బదులు కాదు. నిద్ర, తిండి పోయి రెండు వారాలు దాటినా, "ఎందుకు బతకాలి" అన్న మాట వినిపించినా ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. ప్రభుత్వం 2022లో పెట్టిన టెలి మానస్ అనే సాయం ఉంది. 14416 నంబరుకి డబ్బు ఖర్చు లేకుండా ఫోన్ చేసి, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇప్పుడు మా ఇంట్లో మధ్యాహ్నం మూడు గంటలకి అరగంట చదువు. గిన్నెలు సింకులో ఉన్నా సరే. మా వీధి చివర లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకుంటున్నాం. అత్తయ్యగారు మంచం మీద, నేను కింద చాప మీద. కన్ను ఆపరేషన్ అయ్యేవరకూ నేనే చదివాను. ఇప్పుడు ఒకరోజు ఆవిడ, ఒకరోజు నేను. కథ నచ్చకపోతే ముగింపు మార్చేస్తారు. ఒక్కోసారి ఆవిడ చెప్పిందే అసలుదానికంటే బాగుంటుంది.

అన్నీ బాగైపోయాయని చెప్పను. మాత్రలు ఇంకా వాడుతున్నారు. మామయ్యగారి తిథి వచ్చే నెల్లో మళ్ళీ గోడవైపు తిరిగి పడుకున్నారు. నేను పుస్తకం తెచ్చుకుని పక్కన కూర్చుని చదువుతూ పోయాను. వింటున్నారో లేదో తెలియదు. నాలుగో రోజు, "నిన్న ఆ పిల్ల బస్సు దిగింది కదా, తర్వాత ఏమైంది?" అని అడిగారు. అప్పుడు నా గుండె కుదుటపడింది.

నాకూ మేలు జరిగింది. రాత్రుళ్ళు ఊరికే కోపం రావడం, పిల్లలు దూరంగా ఉన్నారని దిగులుపడడం కొంచెం తగ్గాయి. అంతకంటే పెద్ద సంగతి ఇంకోటి. పాతికేళ్ళుగా ఆవిడ మీద నాకొక చిన్న ముల్లు ఉండేది, ఆ పాలు పొంగిన రోజుది. అది ఆవిడ చేతిలోంచి వచ్చింది కాదు, ఆవిడకి గుచ్చుకున్నదే నాకూ గుచ్చుకుందని వేటపాలెం వెళ్ళకపోతే నాకు తెలిసేది కాదు. వచ్చే ఏడు మా అబ్బాయి పెళ్ళి చెయ్యాలనుకుంటున్నాం. వచ్చే కోడలు పెట్టెలో చీరల కింద ఏం పెట్టుకుని వస్తుందో చూడాలి. పాలు పొంగితే గట్టు నేను తుడుస్తాను.

వెళ్ళదలచినవారికి: విజయవాడ, ఒంగోలు మధ్య నడిచే పాసింజరు రైళ్ళు వేటపాలెంలో ఆగుతాయి. ఎక్స్‌ప్రెస్‌లో వస్తే చీరాలలో దిగి ఆటోలో వెళ్ళొచ్చు. ఈ ఊరు ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. లైబ్రరీ వేళలు, సెలవులు ముందే కనుక్కుని వెళ్ళండి. పాత సంచికలు చూడాలంటే సంవత్సరం, నెల రాసుకుని వెళ్ళండి, వెతికేవారికి సులువు. చేతులు శుభ్రంగా కడుక్కుని, నూనె తడి లేకుండా పేజీలు తిప్పండి. సాయంత్రానికి తీరిక ఉంటే చీరాల దగ్గర వాడరేవు సముద్రం చూసి రావచ్చు. ఎండాకాలం కంటే చలికాలం మేలు. పెద్దవాళ్ళని తీసుకెళితే ఒక మెత్తటి దిండు, వాళ్ళ కళ్ళజోడు మర్చిపోకండి.